మడతచాకు పిడి: పదార్థాలు, కూర్పు, వాటి మధ్య పొత్తు

వంటింటి కత్తికి పిడి కేవలం పట్టు కోసం ఉద్దేశించినది కాబట్టి, అది ఊడిపోయినా అలుగుతో ఏదో విధంగా పని సాగించవచ్చు. మడతచాకు విషయంలో అది కుదరదు. జేబులో ఉన్నప్పుడు పదునైన అంచును దాచే ఒర, తెరిచినప్పుడు అలుగును మోసే కీలు, ఆ కీలును అదుపు చేసే స్ప్రింగుకు ఆధారం, పని చేసేటప్పుడు చేతికి పట్టు అనే నాలుగు బాధ్యతలనూ దాని పిడి ఒక్కటే మోయాలి. ఆ కారణంగానే మడతచాకు తయారీలో శ్రమలో ఎక్కువ భాగం పిడి మీదనే ఖర్చవుతుంది, ఆ చాకు ఎంతకాలం మన్నుతుందన్నదీ చాలావరకు పిడిలోనే తేలిపోతుంది.

తాళం లాంటి అమరిక ఏదీ లేకుండా, వెన్నులో ఉన్న స్ప్రింగు ఒత్తిడి వల్లనే అలుగు తెరిచిన స్థితిలోనూ మూసిన స్థితిలోనూ నిలిచి ఉండే చాకును ఈ పరిశ్రమలో స్లిప్‌జాయింట్ అని పిలుస్తారు. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్, ఫ్రాన్స్‌లోని తియేర్, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు బ్రాడ్‌ఫర్డ్, టైటస్‌విల్ పట్టణాలు ఈ రకం చాకులకు పేరుపొందాయి. బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ సంస్థ 19వ శతాబ్దపు చివరినాటిది కాగా, టైటస్‌విల్‌లోని గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ 2006లో మాత్రమే మొదలైంది. అయినా ఆ రెండింటి చాకులలోనూ లోపలి అమరిక దాదాపు ఒకటే. నూరేళ్లకు పైగా మారని ఆ అమరిక మీద కప్పిన పదార్థాలు మాత్రం ఎముక నుంచి కార్బన్ ఫైబర్ దాకా ఎన్నోసార్లు మారాయి. ఈ మార్పును అందచందాల చరిత్రగానో, ధరవరల చరిత్రగానో చూస్తే సగమే అర్థమవుతుంది. ఏ పదార్థం తేమకూ వేడికీ దెబ్బకూ ఎలా స్పందిస్తుందో దాన్ని బట్టి దాన్ని బిగించే పద్ధతి ఏర్పడింది, కొత్త బిగింపు పద్ధతి దొరికినప్పుడల్లా అంతవరకు పనికిరాని పదార్థాలకు పిడిలో చోటు దొరికింది.

లోపలి చట్రం

సంప్రదాయ మడతచాకు పిడిని విప్పి చూస్తే అది ఐదారు పొరల కట్టుగా కనిపిస్తుంది. మధ్యలో అలుగు మొదలు, దాని వెనుక అదే మందంతో స్ప్రింగు ఉంటాయి. వాటికి అటూ ఇటూ ఇత్తడితో గాని, జర్మన్ సిల్వర్‌తో గాని, ఉక్కుతో గాని చేసిన పలుచని రేకులు ఉంటాయి. వీటిని లైనర్లు అంటారు. పేరులో వెండి ఉన్నా జర్మన్ సిల్వర్‌లో ఉండేవి రాగి, నికెల్, జింకు మాత్రమే. లైనర్ల మీద బయటివైపు ఎముక, కలప వంటి పలకలు, ఆ పలకల కొసలను కాపాడుతూ లోహపు దిమ్మలు ఉంటాయి. ఈ దిమ్మలకు బోల్‌స్టర్లని పేరు. అన్నిటినీ అడ్డంగా కుట్టినట్టు బిగించేవి లోహపు చీలలు. కీలు దగ్గర ఒక చీల అలుగుకు ఇరుసు అవుతుంది, మధ్యలో ఒకటి, రెండో కొసన ఒకటి స్ప్రింగును పట్టి ఉంచుతాయి.

స్ప్రింగు రెండు చీలల వద్ద కదలకుండా ఉండగా, కీలు వైపున్న దాని కొస మాత్రం స్వేచ్ఛగా ఉండి అలుగు మొదలును నొక్కుతూ ఉంటుంది. అలుగు మొదలుకు చదునైన ముఖాలు ఉంటాయి; చదును ముఖం మీద స్ప్రింగు ఆనినప్పుడు అలుగు స్థిరంగా నిలుస్తుంది, అలుగును తిప్పినప్పుడు ఆ ముఖాల మధ్య ఉన్న మూల స్ప్రింగును పైకి ఎత్తి, మూల దాటగానే తిరిగి టక్కున దించుతుంది. మొదలును చతురస్రంగా మలిస్తే అలుగు సగం తెరిచిన చోట కూడా ఒకసారి ఆగుతుంది. ఇది వేళ్ల మీద అలుగు ఒక్కసారిగా పడకుండా కాపాడే చిన్న రక్షణ. నైపుణ్యం గల పనివాడు చేసిన చాకులో తెరిచినప్పుడు, సగంలో ఆగినప్పుడు, మూసినప్పుడు కూడా స్ప్రింగు వెన్ను లైనర్లతో సరిసమానంగా ఉండి, వేలితో తడిమితే ఎక్కడా ఎత్తుపల్లం తగలదు.

ఈ సరిసమానం సాధించడం కష్టం కావడానికి యాంత్రికశాస్త్రంలోని ఒక సూత్రం కారణం. వంగే పట్టీ బిరుసు దాని మందపు ఘనాన్ని బట్టి మారుతుంది. అంటే వంగే దిశలో స్ప్రింగు మందాన్ని పది శాతం అరగదీస్తే, దాని బిరుసు పది శాతం కాక సుమారు 27 శాతం తగ్గిపోతుంది. ఆకురాయితో రెండు గీతలు ఎక్కువ పడితే గోరు విరిగేంత గట్టిగా ఉన్న చాకు వదులైపోవడానికి ఇదే కారణం. అలుగు తిరిగిన ప్రతిసారీ స్ప్రింగు మీద పడే బలం మధ్య చీలకూ, ఆ చీల నుంచి లైనర్లకూ చేరుతుంది. కాబట్టి చట్రం లోహపుదై ఉండాలి. పైపలక ఆ బలాన్ని మోయవలసిన అవసరం లేకుండా ఉంటే మంచిది. పిడి తయారీలోని చిక్కులన్నీ ఈ రెండో షరతు దగ్గరే మొదలవుతాయి, ఎందుకంటే పాత పద్ధతిలో అదే చీల పైపలక గుండా కూడా బయటికి వచ్చి అక్కడే తల విప్పుకుంటుంది.

జంతువులూ చెట్లూ ఇచ్చిన పలకలు

సంప్రదాయ పలకలలో అన్నిటికన్నా విస్తారంగా వాడుకలో ఉన్నది పశువుల కాలి ఎముక. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ జాతి ఖనిజం, మిగిలినది కొలాజెన్ అనే ప్రోటీనూ నీరూ కలిసిన ఈ పదార్థానికి ఖనిజం గట్టిదనాన్నీ, ప్రోటీన్ సాగే గుణాన్నీ ఇస్తాయి. ఉడికించి కొవ్వు తీసేసిన తరువాత ఎముక గొట్టాన్ని చదునైన బద్దలుగా కోసి, తిరిగే కత్తులతో వాటి మీద చిన్న చిన్న గాట్లు వేసి, వేడి రంగునీటిలో నానబెడతారు. రంగు లోతుకు పూర్తిగా ఇంకదు గనుక, ఏళ్ల తరబడి జేబులో రాసుకున్న చాకులో గాట్ల మధ్య ఎత్తైన చోట్ల రంగు పలచబడి, పల్లంలో ముదురుగా నిలుస్తుంది. ఎముకలోని నిర్మాణ నాళికలు పొడవునా సాగి ఉండడం వల్ల పగులు కూడా పొడవునే సాగుతుంది; చీల రంధ్రం దగ్గర మొదలైన వెంట్రుకవాసి బీట ఆ దారినే నడుస్తుంది.

ఎముక మీద గాట్లు వేయడం జింక కొమ్మును అనుకరించడానికి పుట్టిన అలవాటు. చాకు పిడులకు అత్యుత్తమంగా పేరుపడిన కొమ్ము భారతదేశపు సాంబార్ జింకది. నల్లమల అడవుల్లోనూ తిరిగే ఈ జంతువును తెలుగులో కణుజు అనీ, కణితి అనీ అంటారు. జింక కొమ్ము నిజానికి ఎముకే. ఏటా పెరిగి, రాలి, మళ్లీ మొలిచే ఎముక. దాని మధ్యలో స్పంజులాంటి మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి పొర ఉంటాయి. ఇతర జింకలతో పోలిస్తే సాంబార్ కొమ్ములో గట్టి పొర మందంగా ఉండడం వల్ల, బయటి గరుకుదనం చెరపకుండానే లోపలివైపు చదును చేసి పలకగా వాడడానికి వీలయింది. షెఫీల్డ్, సోలింగెన్ కార్ఖానాలకు ఈ కొమ్ములు చాలాకాలం భారతదేశం నుంచే వెళ్లాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జంతువుకు రక్షణ కల్పించగా, రాలిన కొమ్ముల ఎగుమతిని సైతం 1990ల చివర నిషేధించడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ తరువాత బయటి తయారీదారులు పాత నిల్వల మీదా, ఇతర జాతుల కొమ్ముల మీదా, గాట్లు వేసిన ఎముక మీదా ఆధారపడవలసి వచ్చింది.

గేదె కొమ్ముది పూర్తిగా వేరే రసాయనం. అది గోళ్లూ వెంట్రుకలూ తయారయ్యే కెరటిన్ అనే ప్రోటీన్. వేడికి మెత్తబడి, పలకల మధ్య నొక్కితే చదునై, చల్లారాక ఆ ఆకారంలోనే నిలిచే గుణం దీనికి ఉండడం వల్ల, ప్లాస్టిక్కులు రాకముందు ప్లాస్టిక్కు చేసే పనిని ఇదే చేసింది. తియేర్, లగియోల్ ప్రాంతాల చాకులలో కొమ్ము పిడికి ఇప్పటికీ ఆదరణ ఉంది. అయితే తేమ మారినప్పుడల్లా వంకర తిరగాలని చూడడం, కెరటిన్ తినే పురుగులకు ఆహారం కావడం దీని బలహీనతలు.

ముత్యపుచిప్ప పలకలో అందానికీ బలానికీ ఒకే నిర్మాణం కారణం. సుమారు అర మైక్రాన్ మందం గల అరగొనైట్ అనే ఖనిజపు బిళ్లలు ఇటుకల వరుసల్లా పేరి ఉండగా, వాటి మధ్య అతి పలుచగా ప్రోటీన్ పొర ఉంటుంది. బిళ్ల మందం కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండడం వల్ల పొరల నుంచి తిరిగివచ్చే కాంతి కిరణాలు పరస్పరం కలిసి ఇంద్రధనుస్సు మెరుపును ఇస్తాయి. పగులు బిళ్ల నుంచి బిళ్లకు వంకరటింకరగా తిరగవలసి రావడం వల్ల ఒట్టి ఖనిజం కన్నా ఈ చిప్ప ఎన్నో రెట్లు గట్టిగా నిలుస్తుంది. అయినా చీల తలను సుత్తితో కొట్టేటప్పుడు పడే ఒత్తిడికి ఇది తట్టుకోవడం కష్టం. రంధ్రాన్ని నీటి తడితో నెమ్మదిగా తొలిచి, చీల కన్నా అది కాస్త వెడల్పుగా ఉండేలా చూసి, మెత్తని లోహపు చీలను చిన్న చిన్న దెబ్బలతో విప్పార్చవలసి ఉంటుంది. ఏనుగు దంతం ఒకప్పుడు ఈ వర్గంలో అగ్రస్థానంలో ఉండేది. 1989లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ దాని వ్యాపారాన్ని నిషేధించే నిర్ణయం తీసుకున్న తరువాత, గడ్డకట్టిన నేలల్లో దొరికే మామత్ దంతం కొంతవరకు ఆ స్థానాన్ని ఆక్రమించింది.

కలపలో ఎబొనీ, జిట్రేగి జాతికి చెందిన రోజ్‌వుడ్ కలపలు పాత ఆనవాయితీ. ఈ రోజ్‌వుడ్‌లు చెందిన డాల్బెర్జియా ప్రజాతి కలపల అంతర్జాతీయ వ్యాపారం 2017 నుంచి సైటీస్ నియంత్రణలోకి వచ్చింది. కలపకు ఉన్న ప్రధాన లక్షణం అది పొడవు దిశలో దాదాపు మారకపోయినా అడ్డం దిశలో తేమను బట్టి ఉబ్బి, కుంచించుకుపోవడం. బీచ్ కలప పచ్చిస్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి ఏటి వలయాల వెంబడి సుమారు 12 శాతం కుంచించుకుపోతుంది. వేసవిలో గాలి ఎండిపోయి, వానాకాలంలో తేమతో నిండే తెలుగు ప్రాంతాల వాతావరణంలో ఎముక, కొమ్ము, కలప పలకలు ఏటా ఈ ఉబ్బుతగ్గులకు లోనవుతూనే ఉంటాయి, వాటి కింది ఇత్తడి రేకు మాత్రం తేమకు చలించదు. ఈ వైరుధ్యాన్ని తగ్గించడానికే శూన్యంలో కలప రంధ్రాల్లోని గాలిని తీసివేసి, ఆక్రిలిక్ జాతి ద్రవాన్ని ఒత్తిడితో నింపి, వేడితో గట్టిపరిచే పద్ధతిని ఇప్పుడు విరివిగా వాడుతున్నారు.

ప్రయోగశాల నుంచి వచ్చిన పలకలు

కృత్రిమ పదార్థాలలో మొదటిదైన సెల్యులాయిడ్ 1870 ప్రాంతంలో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ కృషితో వ్యాపారస్థాయికి వచ్చింది. దూది వంటి సెల్యులోజును నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం కలిపి మెత్తబరిచిన ఈ పదార్థం దంతాన్నీ, తాబేటి చిప్పనూ, ముత్యపుచిప్పనూ అచ్చుగుద్దినట్టు అనుకరించింది. కానీ కాలం గడిచేకొద్దీ అది తనంతట తాను విచ్ఛిన్నమవుతూ నత్రజని ఆక్సైడ్లను వదులుతుంది, అవి గాలిలోని తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లమై ఇత్తడి రేకును పచ్చగానూ, ఉక్కును తుప్పుగానూ మారుస్తాయి, ఆ ఆమ్లమే మిగిలిన సెల్యులాయిడ్ విచ్ఛిత్తిని వేగవంతం చేస్తుంది. పాత చాకులను సేకరించేవారు సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని మిగిలినవాటితో కలిపి ఒకే పెట్టెలో ఉంచకపోవడానికి కారణం ఇదే. ఒక చాకు పిడి పాడైతే దాని ఆవిరి పక్కనున్న చాకుల అలుగులను కూడా తినేస్తుంది.

1910 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ సంస్థ విద్యుత్తును అడ్డుకునే పలకల కోసం రూపొందించిన మైకార్టా మరో మార్గాన్ని చూపింది. కాగితాన్నో, నారబట్టనో, కాన్వాసునో ఫినాల్ జిగురులో తడిపి, పొరలు పేర్చి, వేడి ఒత్తిడితో గట్టిపరిస్తే తయారయ్యే ఈ పలకలో బట్ట లాగుడును, జిగురు నొక్కుడును తట్టుకుంటాయి. అరిగేకొద్దీ బట్ట అల్లిక పైకి తేలి తడిచేతికి పట్టునిస్తుంది, చేతి నూనెలను పీల్చుకుని రంగు ముదురుతుంది. ఇదే సూత్రంలో బట్టకు బదులు గాజు నేతనూ, ఫినాల్‌కు బదులు ఎపాక్సీనీ వాడితే వచ్చేది జీ-10. ఇది నీటిని దాదాపు పీల్చదు, ఉబ్బదు, తగ్గదు. అయితే దాన్ని అరగదీసేటప్పుడు లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి తడి పెట్టి, మాస్కు కట్టుకుని పని చేయాలి.

డ్యూపాంట్ సంస్థ 1960లో మార్కెట్లోకి తెచ్చిన డెల్రిన్ అనే అసిటాల్ ప్లాస్టిక్కు కథ ఈ వ్యాసంలోని ముఖ్యాంశాన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపిస్తుంది. కరిగించి అచ్చులో పోస్తే గాట్లతో సహా ఎముక రూపాన్ని క్షణాల్లో తెచ్చుకునే ఈ పదార్థాన్ని అమెరికా సంస్థలు 1960ల నుంచి చౌక చాకులకు విరివిగా వాడాయి. జింక కొమ్మును ఎముక అనుకరిస్తే, ఎముకను డెల్రిన్ అనుకరించింది. అది పగలదు, తేమకు లొంగదు. కానీ దాని ఉపరితలం జిగురును అంటుకోనివ్వదు, అందువల్ల దాన్ని చీలలతోనే బిగించాలి. పైగా వేడికి అది ఉక్కు కన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది: పది సెంటీమీటర్ల పలక 30 డిగ్రీల మార్పుకు సుమారు మూడింట ఒక వంతు మిల్లీమీటరు పెరిగితే, అదే పొడవున్న ఉక్కు పెరిగేది దానిలో తొమ్మిదో వంతు మాత్రమే. చీలల మధ్య బందీ అయిన పలక ఆ తేడాను తనలోనే సర్దుకోవాలి; డెల్రిన్ సాగే గుణం గలది కావడం వల్ల సర్దుకుంటుంది, అంతే వ్యాకోచమున్న పెళుసు పదార్థమైతే పగిలేది.

బిగింపు పద్ధతులు

పాత పద్ధతిలో చీలను రంధ్రంలో దూర్చి, బయటికి వచ్చిన కొసను సుత్తితో విప్పార్చి, పైన చదును చేస్తారు. బోల్‌స్టర్‌లోని ఇరుసు చీలను కూడా అదే లోహంతో చేసి, కాస్త వాలుగా తొలిచిన రంధ్రంలో విప్పార్చి, సాన పట్టి మెరుగుపెడితే చీల ఎక్కడుందో కంటికి కనిపించదు. వాడుకలో ఆ చోట నీడలాంటి వలయం కనిపించడం మొదలైందంటే కీలు వదులవుతోందని గుర్తు. సుత్తి దెబ్బకు చీల లావెక్కి రంధ్రపు గోడను నెట్టడమే ఎముకలోనూ, ముత్యపుచిప్పలోనూ బీటలకు ప్రధాన కారణం.

ఎపాక్సీ జిగురు అందుబాటులోకి వచ్చాక ఈ క్రమం మారింది. స్ప్రింగును పట్టే చీలలను లైనర్ల మీదనే విప్పార్చి చట్రాన్ని ముందే పూర్తి చేసి, పలకలను దానిపై జిగురుతోనూ ఒకటి రెండు సన్నని చీలలతోనూ అతికించడం సాధ్యమైంది. అప్పుడు స్ప్రింగు బలం పలకకు చేరదు, కాబట్టి ముత్యపుచిప్ప, పలుచని కార్బన్ ఫైబర్ వంటివి నిర్భయంగా వాడవచ్చు. దీనికి చెల్లించే మూల్యం మరమ్మతు: కీలు వదులైతే పలకలను ఊడదీయకుండా మధ్య చీలను చేరుకోలేరు.

స్విట్జర్లాండులోని విక్టోరినాక్స్ అనుసరించిన మార్గం మరొకటి. 1891 నాటి సైనికుల చాకుకు ముదురు రంగు ఓక్ కలప పిడి ఉండేది. నేటి ఎర్రని పిడికి వాడే సెల్లిడార్ సెల్యులోజు అసిటేట్ బ్యుటిరేట్ అనే ప్లాస్టిక్కు, సెల్యులాయిడ్‌కు దూరపు బంధువైనా దానిలా నైట్రిక్ ఆమ్లాన్ని వదలదు. ఆ పలకల లోపలివైపు గుంటలు ఉంటాయి, అవి చట్రంలో పొడుచుకు వచ్చిన చీల తలల మీద నొక్కితే పట్టుకుంటాయి; విరిగితే లాగి తీసి కొత్తవి నొక్కితే సరిపోతుంది. 1961 నుంచి సైనికుల చాకుకు వాడిన గరుకు అల్యూమినియం పలకలను మాత్రం చీలలతో బిగించారు, ఎందుకంటే విద్యుద్విశ్లేషణతో పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచిన ఆ లోహం సుత్తి దెబ్బకు పగలదు.

కంప్యూటరు నడిపే మిల్లింగు యంత్రాలు వచ్చాక బోల్‌స్టర్‌నూ లైనర్‌నూ ఒకే లోహపు దిమ్మ నుంచి చెక్కడం తేలికైంది. ఇటలీలోని మనియాగో వంటి చోట్ల టైటానియం దిమ్మను ఇలా మలిచి, పలకకు సరిపడే గుంట తవ్వి, స్క్రూలతో కూర్చిన చాకులు తయారవుతున్నాయి. కీలులోనూ మార్పు వచ్చింది: ఇరుసు చుట్టూ కంచు గొట్టం ఒకటి అమర్చి, దాని పొడవు అలుగు మందం కన్నా మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఎక్కువ ఉండేలా చూస్తారు. చీలను ఎంత గట్టిగా కొట్టినా ఒత్తిడి గొట్టం మీదనే ఆగి, అలుగు పక్కకు ఊగకుండా, బిగిసిపోకుండా తిరుగుతుంది. పాత పద్ధతిలో ఈ సందు పనివాడి చేతి అంచనాకు వదిలిన విషయం.

చట్రం లేని చాకులు

చట్రమే లేకుండా ఈ చిక్కును దాటిన సంప్రదాయాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని సావోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన చాకుకు పిడి ఒకే బీచ్ కొయ్య. అందులో సన్నని గాడి కోసి, మెడకు లోహపు పట్టీ తొడిగి, చీలతో అలుగును అమర్చుతారు. స్ప్రింగు లేదు, రాపిడే అలుగును పట్టి ఉంచుతుంది. తడిసినప్పుడు కొయ్య ఉబ్బి అలుగు బిగుసుకుపోవడం దీని సహజ లోపం. 1955లో చేర్చిన తిరిగే ఉంగరం అలుగును తెరిచిన స్థితిలో తాళం వేస్తుంది కాబట్టి ఒపినెల్‌ను స్లిప్‌జాయింట్‌గా లెక్కించరు.

జపాన్‌లోని మికి పట్టణానికి చెందిన హిగోనోకామి చాకుకు పిడి మడతపెట్టిన ఒక్క లోహపు రేకు. అలుగు వెనుక పొడుచుకు వచ్చిన చిన్న మీటను బొటనవేలితో నొక్కి పట్టుకుంటేనే అలుగు నిలుస్తుంది. తియేర్‌లో 1929లో పుట్టిన డుక్-డుక్ పిడి కూడా మడిచిన ఉక్కు రేకే, అయితే దానికి లోపల స్ప్రింగు ఉంది. ఈ రెండింటిలోనూ రేకే లైనరూ, బోల్‌స్టరూ, పలకా కావడం వల్ల వేర్వేరు పదార్థాల మధ్య తగవు అసలు పుట్టదు. చేతికి మెత్తదనమూ, కంటికి వైవిధ్యమూ వదులుకోవడమే దానికి బదులు.

ఎంపికకు కొలబద్ద

పిడి మీద ఏ పదార్థం ఉందన్నదాని కన్నా, ఆ పదార్థం మీద స్ప్రింగు బలం పడుతోందా లేదా, వాతావరణంతో అది కదిలినప్పుడు కదలడానికి దానికి చోటుందా లేదా అన్నవి చాకు మన్నికను నిర్ణయిస్తాయి. చీలలతో బిగించిన ఎముక చాకును పనివాడు విప్పి తిరిగి కూర్చగలడు గాని, చీల దగ్గర బీట పడే అవకాశాన్ని యజమాని ఒప్పుకోవాలి. జిగురుతో అతికించిన జీ-10 చాకు తేమకూ ఎండకూ చలించదు గాని, కీలు వదులైతే పలకలు బలి అవుతాయి. స్క్రూలతో కూర్చిన టైటానియం చాకు రెండింటి నుంచీ తప్పించుకుంటుంది గాని, ధరా యంత్రాల ఖర్చూ పెరుగుతాయి. జింక కొమ్మును అనుకరించిన ఎముక, ఎముకను అనుకరించిన డెల్రిన్ తమ తమ కాలాల్లో నకళ్లుగా మొదలై, నేడు సంప్రదాయమనే పేరుతోనే అమ్ముడవుతున్నాయి. కాబట్టి ఈ వృత్తిలో సంప్రదాయమంటే ఫలానా పదార్థాన్ని వాడడమని చెప్పడానికి వీల్లేదు. వెన్ను స్ప్రింగు, చదును ముఖాల అలుగు మొదలు, లోహపు చట్రం అనే మూడింటి పొందికను కాపాడుతూ, చేతికందిన పదార్థానికి తగిన బిగింపును వెతుక్కోవడమే ఆ సంప్రదాయం.